ఇప్పపిప్పి మింగిన ట్యాంకు

ఈ ఉదయం పొయ్యి మర తిప్పి అగ్గిపుల్ల గీయగానే పేడగ్యాసు మంట బుస్సుమని నీలంగా లేచింది. ఆ చప్పుడు వింటే నాకు సరోజినమ్మ గుర్తొస్తుంది. సత్తుపల్లి వైపు నుంచి మా గూడేనికి గ్యాసు ట్యాంకులు కట్టడానికి వచ్చిన మేస్త్రి ఆమె. మోచేతి దాకా చెయ్యి ముంచి పేడ కలిపేది. ఆమె దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది. ఒక దేశంలో మంచు కురిసేటప్పుడు చెక్కముక్కలు కాల్చి ఇళ్లు వెచ్చబెట్టుకుంటారట. ఇంకో దేశంలో పందుల పేడతో వంట, మరో చోట చెరకు పిప్పితో కరెంటు. "ఎవరి దొడ్లో ఏముంటే అదే వాళ్ల పొయ్యి, ముత్తమ్మా" అనేది.

అత్తతో పోట్లాడి మొదటి ట్యాంకు నేనే కట్టించుకున్నాను. నలభై దాటిన నాకు అక్షరాలు నేర్పిందీ సరోజినమ్మే. రోజూ ట్యాంకులో ఏం పోశానో రాయమని నోటుబుక్కు ఇచ్చింది. నేను రాసిన మొదటి మాట 'పేడ'.

మా గూడెంలో కొత్తగా ఏది వచ్చినా ఇప్పసారాలో మొదటి వంతు దానికే. చెరకు పిప్పి బొమ్మ కూడా మనసులో ఉందేమో, సారా కాచాక మిగిలిన ఇప్పపూల పిప్పి రెండు కుండలు సంతోషంగా ట్యాంకులో కుమ్మరించాను. నాలుగు రోజులకు మంట ఆరిపోయింది. ఇంకో పది రోజుల్లో పక్క గూడేల ఆడవాళ్లు చూడడానికి రావాలి. మంట లేకపోతే ఎవరూ ట్యాంకు కట్టించుకోరు, అందరం మళ్లీ కట్టెల మోపులు ఎత్తుకోవాల్సిందే. అత్త అప్పుడే కట్టెలు తెచ్చి పెట్టింది. "నేను చెప్పలే? పెంట తిన్న పొయ్యి ఎన్ని దినాలు మండుతది!"

సరోజినమ్మ వచ్చి నోటుబుక్కు తిరగేసింది. అన్ని రోజులూ పేడ, నీళ్లే. ట్యాంకు దగ్గర వాసన చూసింది.

"ఏం పోశావే?"

"ఏం పోయలేదమ్మా."

"ఎందుకు పోశావని అడిగానా? ఏం పోశావంటున్నా."

"ఇప్పపిప్పి... రెండు కుండలు."

ఆమె నేల మీద కూలబడి నవ్వింది. "ట్యాంకుకి తాగబోశావా తల్లీ! దాని కడుపు పులిసిపోయింది. చెరకు పిప్పిని వాళ్లు కాలుస్తారే, పులియబెట్టి పొయ్యరు!"

అత్త కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ముసలోడు గూడ గిట్లనే పండుకునేటోడు, రెండు కుండలకు."

దాచినందుకు సరోజినమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ట్యాంకుకు పేడ మేత ఆపించి, పులుపు విరగడానికి కొంచెం సున్నపు తేట పోసి, రోజూ వచ్చి చూసేది. ఎనిమిదో రోజు అత్తే కేకేసింది. "జల్దీ రా, లేచింది!" వచ్చిన ఆడవాళ్లకు ఆ మంట మీదే టీ పెట్టాం. తాగిన ట్యాంకు కథ విని నవ్వీ నవ్వీ, నలుగురు అక్కడే పేర్లు ఇచ్చారు.

ఇప్పుడు ట్యాంకులు చూడడానికి నేనే గూడేలు తిరుగుతున్నాను. మొన్న ఇల్లందు దగ్గర పొయ్యి వెలగని ఇంట్లో కోడలు తలుపు చాటున నిలబడింది. నేను గడప మీద కూర్చున్నాను.

"ఏం పోసినవ్ చెల్లె?"

"సబ్బు నీళ్లక్కా... లోపల గలీజుగ ఉందని కడిగిన."

"ట్యాంకుకు తానం పోసినవా!"

నా నవ్వు చూసి ఆమె తలుపు చాటు నుంచి బయటికొచ్చింది.