కుంకుమ పెట్టిన అరిగిన టైరు

దసరా సెలవులయ్యాక మా పాపని స్కూలు బస్సెక్కించడానికి కంకిపాడు సెంటరుకెళ్లాను. బస్సు ముందు టైరుకి ఆయుధపూజనాటి పసుపు కుంకుమలు ఇంకా ఉన్నాయి. వాటి కింద రబ్బరు అరిగిపోయి తీగలు బయటికొచ్చాయి! బస్సు నిండా పిల్లలు. డ్రైవరుని పిలిచి చూపించాను.

"పూజ చేయించామండీ, ఏం కాదు" అన్నాడు డ్రైవరు.

బస్సుకి అడ్డంగా నిలబడ్డాను. వెనక ఒకటే హారన్లు. తోటి తల్లులు కూడా నన్నే విసుక్కున్నారు. ఇంతలో బస్సు ఓనరు వచ్చాడు.

"ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందమ్మా!"

"అయితే దాన్నే చక్రానికి బిగించి నడపండి. టైరు మార్చేదాకా నేను కదలను."

చివరికి కొత్త టైరు బిగించారు. డ్రైవరు దాని కింద నిమ్మకాయ పెట్టాడు. నేనొద్దనలేదు. ఇప్పుడు రోజూ వంగి టైర్లు చూశాకే పాపని ఎక్కిస్తున్నాను. తోటి తల్లులు వెనక నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, వాళ్ల పిల్లలూ ఆ బస్సులోనే ఉన్నారు.

– రేష్మా, కంకిపాడు