సెవ్‌జిద్ కారుకు పాలు చల్లడం

దార్ఖాన్ పట్నంలోని బడిలో వంట చేసే సెవ్‌జిద్ నడుస్తుంటే కూడా గరిటె తిప్పుతున్నట్టే ఉంటుంది. జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన నీలం కారును ఈ శరత్తులో కొన్నది మొదలు దాన్ని సంతలో గుర్రాన్ని చూసినట్టే చూస్తోంది. టైర్లు తడుతుంది, పొగ వాసన పీలుస్తుంది, అంగీ చేతితో అద్దం తుడుస్తుంది. మంచు పడేలోపే చలికాలపు టైర్లు వేయించింది. ఇంజనుకు ఒంటె ఉన్నితో దుప్పటి కుట్టింది. ఇదంతా కొత్తగా పుట్టిన మనవరాలి కోసమే. ఆ బిడ్డ ఆసుపత్రి నుంచి సొంత కారులోనే ఇంటికి రావాలి.

బిడ్డను ఇంటికి తెచ్చే ఆ ఉదయం ఊపిరి కనురెప్పల మీద మంచుపూలై వాలుతోంది. ప్రయాణం క్షేమంగా సాగాలని సెవ్‌జిద్ చక్రాల మీద పాలు చల్లింది. సంతోషం పట్టలేక తలుపుల మీదా చల్లింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి పాలు గడ్డకట్టి నాలుగు తలుపులూ తెల్లగా బిగుసుకుపోయాయి.

"చక్రాలు చాలవటే? ఏకంగా స్నానం చేయించావు!" అన్నాడు భర్త గొంబో, నవ్వు ఆపుకోలేక మోకాళ్ళు పట్టుకుని.

"వాగింది చాలు, డిక్కీ తెరువు."

ఇద్దరూ సీట్ల మీదుగా పాకి ముందుకు దొర్లారు. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

ఆసుపత్రి ముందు కోడలు తలుపు లాగింది. అది కదల్లేదు.

"వెనక నుంచి రా తల్లీ! మనముండే గుడారం గుమ్మం కంటే ఇదే ఎత్తు," అంటూ సెవ్‌జిద్ లోపలి నుంచి చేతులు చాచింది.

ముందుగా పొత్తిళ్ళు ఆ చేతుల్లోకి వచ్చాయి. ఆ పూట కారు ఎక్కినవాళ్ళందరిలో హుందాగా ఎక్కింది మనవరాలొక్కతే.