బాబాయి ఎత్తు జీపు

దగ్గరికొచ్చి కూర్చోండమ్మా, చెబుతాను. మొన్న బాపట్ల సముద్రం ఒడ్డున పెద్ద టైర్ల జీపు చూడగానే మా బాబాయి గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు మా ఊరు అడవులదీవి బురదదారుల్లో తిరగడానికి బాబాయి తన చిన్న జీపుకు తెనాలి షెడ్డులో పెద్ద టైర్లు వేయించి, జానెడు ఎత్తు లేపించాడు. ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా గాలిగొట్టాన్ని పైకప్పు దాకా పెట్టించాడు.

"ఒంటెను తోలుకొచ్చావేంట్రా?" అని నాయనమ్మ నవ్వింది. నాకేమో ఎక్కడానికి కాలు అందలేదు. నన్ను ఎక్కించుకోవడం ఇష్టంలేకే ఎత్తు పెంచాడని అలిగాను.

ఆ ఏటి వానల్లో దారి మునిగిన రోజే అమ్మకు పురిటినొప్పులొచ్చాయి. రేపల్లె ఆసుపత్రికి ఆ జీపే దిక్కు. అమ్మ ఎక్కలేకపోతే బాబాయి నీళ్లలో మోకాలు వంచి, దాని మీద కాలేసి ఎక్కమన్నాడు.

"నీ మీద కాలెయ్యడమేంటయ్యా!" అంది అమ్మ.

"ఒంటైనా వంగే ఎక్కించుకుంటుంది వదినా, వెయ్యండి!"

సాయంత్రానికి తమ్ముడు పుట్టాడు. ఎత్తు పెంచింది నీళ్లు దాటడానికేనని తెలిసి నా అలకా తీరింది.

ఎత్తు జీపు ఎక్కడ కనబడినా నాకు ముందు ఆ వంగిన మోకాలే కనిపిస్తుంది. మీ ఇంట్లోనూ అలా వంగి ఎక్కించే మనిషి ఉండాలి తల్లీ, చల్లగా ఉండండి.