కాలవ కట్టేశారనుకున్న రోజు

ఈ సాయంత్రం మా అత్తగారు ఫోన్లో తన చెల్లెలికి పాఠం చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఆ చెల్లెలు ఉండేది గోదావరి కాలవ గట్టున, కనుచూపు మేరలో కొండ అన్నదే లేని ఊళ్లో. టీవీలో ఎక్కడో కొండచరియలు విరిగిపడ్డాయని చూసి, మా క్షేమం కనుక్కోవడానికి ఫోన్ చేసిందావిడ. కానీ మాట్లాడే అవకాశం దొరకలేదు పాపం. "తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే చెక్క ఉబ్బిందిలే అనుకోకు. నేల జరుగుతోందేమో చూసుకోవాలి. గోడకి కొత్త పగులు వచ్చిందా, కరెంటు స్తంభం ఒరిగిందా, రోజూ చూస్తుండాలి" అంటున్నారు అత్తగారు. అవతల ఆవిడ 'మా ఊళ్లో కొండెక్కడుందే అక్కా?' అని అడిగినట్టుంది. "లేకపోతే ఏవైందే? తెలుసుకుంటే అరిగిపోతావా?" అని కసిరారు. నాకు నవ్వొచ్చింది. నాలుగేళ్ల కిందట ఇదే అత్తగారిని, ఇంట్లోంచి కదిలించడానికి మేము పడ్డ పాట్లు గుర్తొచ్చి, నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అప్పటికి మేము ఇనుప గనుల ఊరు కిరందుల్ వచ్చి ఏడాది కాలేదు. మా ఆయనకి కొండ మీద గని వర్క్‌షాపులో ఉద్యోగం. క్వార్టర్ దొరకలేదు కాబట్టి ఊరి చివర, కొండ పాదాన ఒక వరస ఇళ్లలో అద్దెకి దిగాం. అక్కడ మట్టి ఇనుప తుప్పు రంగు. తెల్లబట్టలు మూడు ఉతుకులకే ఎర్రబడతాయి. మా పాప తెల్ల గౌన్లన్నీ ఆ ఏడాది గులాబీ గౌన్లయ్యాయి. ఇంటి వెనక ఇరవై అడుగుల్లో ఒక వాగు. దానికి మూడు పేర్లు. పక్కింటి హిందీ వాళ్లకి అది నాలా. దోర్నపాల్ అక్కకి వాగు. మా అత్తగారికి మాత్రం కాలవ. నీరు పారేదల్లా ఆవిడకి కాలవే. "కాలవలో నీళ్లు పెరిగాయమ్మాయ్" అని ఆవిడ అంటే, దానికీ ఎక్కడో లాకులున్నాయనీ, ఒక లాకు సూపరింటెండెంటు గొడుగు వేసుకుని నిలబడి ఉంటాడనీ నాక్కూడా అనిపించేది. నేనూ ఆవిడలాగే గోదావరి పక్క దాన్నే కదా.

దోర్నపాల్ అక్కని సొంత పేరుతో ఆ వరసలో ఎవరూ పిలవరు. పుట్టిల్లు దోర్నపాల్ దగ్గర కాబట్టి ఆ పేరు. అత్తిల్లు ఇక్కడే, కొండ కింద. వానాకాలం వెదురు మొలకలు తరిగి ఆకు దొప్పల్లో పెట్టి అమ్మేది. దొప్ప మా గడప మీద పెట్టి, అక్కడే కూర్చుని, మా అత్తగారితో ఒక దెబ్బలాట పెట్టుకుని గాని వెళ్లేది కాదు. దెబ్బలాట ఎప్పుడూ ఒకటే. "నీది అసలు తెలుగేనా?" అని అత్తగారు. "మీదేం తెలుగు పెద్దమ్మా? పాట లెక్క సాగదీస్తరు. మీరు ఒక్క మాట అనేలోపల నేను నాలుగిళ్లు తిరిగొస్త" అని ఆవిడ. నిజానికి ఆ అక్కకి తెలుగు, దోర్లీ, హల్బీ, హిందీ నాలుగూ వచ్చు. మా అత్తగారికి ఒక్కటే వచ్చు. ఆ ఒక్కదాని మీద ఆవిడకున్న గర్వం, ఈవిడకి నాలుగింటి మీదా లేదు.

నా సంగతి చెప్పాలి. నాకు భయం ఎక్కువ. పాప పుట్టాక ఇంకా ఎక్కువైంది. వానలు మొదలవగానే ఒక సంచి సర్దాను. అందులో పాప బర్త్ సర్టిఫికెట్, నా బి.ఎస్సీ. సర్టిఫికెట్లు, టార్చి, బిస్కెట్లు, జ్వరం మందు, రెండు గౌన్లు, ప్లాస్టిక్ కవరులో అగ్గిపెట్టె, ఈల ఒకటి. ఈల ఎందుకని మా ఆయన నవ్వారు. మట్టిలో కూరుకుపోతే అరవలేం కదా, ఊదొచ్చు అని చెప్పాను. ఆయన నవ్వు ఆపేశారు. అంత ఆలోచించి సర్దిన సంచిని నేను ఎక్కడ పెట్టానంటే, అటక మీద. మా వైపు వరద కింద నుంచి వస్తుంది. ముందు చాటింపు వేస్తారు, తర్వాత నీళ్లు గట్టు దాటతాయి, మెట్టు మెట్టుగా ఎక్కుతాయి. మనం బియ్యం, కాగితాలు, పిల్లల్ని పైకి చేర్చి, తగ్గేదాకా కూర్చుంటాం. వరదంటే నాకు తెలిసింది అదే. అటక మీది సంచిని చూసి అక్క, "సంచి అంత పైన ఉంటే, నువ్వు ఏడ ఉంటవు బిడ్డా?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

మా ఆయన భయపడే తీరు వేరు. ఆయన భయానికి కొలతలుంటాయి. పెరట్లో, కొండ వైపు గట్టు మీద సన్నటి పగులు కనిపిస్తే, దానికి అటొక మేకు, ఇటొక మేకు కొట్టి, మధ్య దారం కట్టి, రోజూ డ్యూటీకి వెళ్లే ముందు స్కేలుతో కొలిచేవారు. నాలుగు రోజుల తర్వాత దారం తెగి ఉంది. తీరా చూస్తే మా అత్తగారు దాని మీద తడి తువ్వాలు ఆరేశారు. "దారం కట్టింది అందుకు కాకపోతే ఇంకెందుకురా?" అని ఆయన్నే తిట్టారు. మేకులు మాత్రం నిజంగానే రెండు వేళ్ల వెడల్పు జరిగాయి. ఆయన ఇంకో ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. అక్క ఆ మేకుల్ని చూసి వెళ్లింది. మర్నాడు వచ్చి, నన్నూ పాపనీ తీసుకెళ్లి, మా ఇంటి పక్కనుంచి గుట్ట మీది ఇప్పచెట్ల దాకా పోయే మేకల దారి చూపించింది. "వాగుతోని పందెం పెట్టుకోవద్దు. అది దిగే దిక్కు ఉరకొద్దు, అది ఒచ్చే దిక్కు గూడ పోవద్దు. అడ్డంగ పక్కకు పోవాలె, గుట్ట ఎక్కాలె" అంది. నేను తలూపాను. ఇంటికొచ్చి, సంచి అటక మీదే ఉందో లేదో చూసుకున్నాను.

ఆ రోజు వాన నాలుగో రోజు. ఆయన డ్యూటీలో ఉన్నారు. వాన వల్ల పాప అంగన్‌వాడీకి వెళ్లలేదు. పొద్దున్న పదింటికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కుక్కర్ విజిల్ వేసింది. ఎందుకో ఆ విజిల్ మరీ గట్టిగా వినిపించింది, పాప ఉలిక్కిపడింది. కాసేపటికి తెలిసింది, విజిల్ గట్టిగా లేదు, మూడు రోజులుగా చెవుల్లో ఉన్న వాగు హోరు లేదు. వాన మాత్రం పడుతూనే ఉంది. పెరట్లోకి వెళ్లి చూస్తే వాగులో ఎర్రరాళ్లు బయటపడి ఉన్నాయి. గుంటల్లో చిన్నచేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. అత్తగారు నా వెనకే వచ్చి, బోసినోటితో నవ్వుతూ, "కాలవ కట్టేశారమ్మాయ్! పైన లాకులు దించుంటారు. పోన్లే, ఎవరో బుద్ధిమంతుడు" అన్నారు. మా వైపు ఏటా ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. ఆ మాట వినగానే పిల్లలందరం గట్టు దిగి చేపలకి పరిగెత్తేవాళ్లం. బి.ఎస్సీ. చదివిన నాకు, కొండ మీద లాకు ఏమిటి అన్న ప్రశ్న రానేలేదు. మూడు రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకున్నాను. పాప గిన్నె తెచ్చుకుంది. చెయ్యి పట్టుకుని వాగులోకి దింపాను.

మూడో రాయి మీద ఉండగా పళ్లెం మోత వినిపించింది. అక్క స్టీలు పళ్లాన్ని గరిటెతో వాయించుకుంటూ ఇల్లిల్లూ దాటుతూ పరిగెత్తుకొస్తోంది. నేను సంబరంగా, "వాగు తగ్గిందక్కా!" అని అరిచాను.

"తగ్గలే బిడ్డా, ఆగింది!" అంది అక్క. ఆ గొంతుకే నా చేతులు పాపని ఎత్తేసుకున్నాయి. "వాన పడుతుంటె వాగు ఎట్ల తగ్గుతది? పైన గట్టు ఇరిగి అడ్డం పడ్డది. నీళ్లన్ని దాని ఎనక జమ అయితున్నయ్. అది తెగిందంటె మన్ను, రాళ్లు, చెట్లు అన్ని కలిసి ఒస్తయ్. పా, జల్ది పా!"

ఇంట్లోకి పరిగెత్తి పొయ్యి ఆపాను. పక్కిళ్ల వాళ్లు ఊపర్ చలో, ఊపర్ చలో అని కేకలేస్తూ పిల్లల్ని ఎత్తుకుని గుట్ట వైపు వెళ్తున్నారు. మా అత్తగారు మాత్రం మంచం మీద కూర్చున్నారు. "నా మోకాళ్లతో ఆ గుట్టా? నేను రాలేను. ఎన్ని వరదలు చూశాను! మంచం మీద కుర్చీ వేసుకుని అటకెక్కుతాను. మీరెళ్లండి" అన్నారు. చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. కాళ్లు పట్టుకున్నాను. "ఏవిటే ఈ పిచ్చి పని!" అన్నారు. ఒక చంకలో పాప, ఎదురుగా ఆవిడ. వెనక వాగు మౌనంగా ఉంది. ఆవిణ్ణి వదిలి వెళ్లలేను, పాపతో అక్కడ నిలబడలేను. ఏడుపొచ్చేసింది నాకు.

అక్క గుమ్మంలోంచి ఒక్క చూపు చూసింది. కిటికీలో స్టీలు గ్లాసు ఉంది. అందులో మా అత్తగారి పళ్లసెట్టు. పళ్లు లేకుండా ఆవిడ పాలవాడి ముందుకి కూడా రారు. అక్క ఆ గ్లాసు తీసుకుని బయటికి నడిచింది. "పెద్దమ్మా, మీ పళ్లు నా కాడ ఉన్నయ్. కావాలంటె పైకి రాండి!"

"ఒసే! నా పళ్లే! ఇలా ఇవ్వవే!" అంటూ లేచారు అత్తగారు. కొంగుతో నోరు మూసుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, ఆ మోకాళ్లతోనే వానలో మేకల దారి పట్టారు. ముందు అక్క, గ్లాసు మీద అరచెయ్యి మూత పెట్టి. దారి పొడుగునా తిట్లే. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను. తిట్టేంత ఊపిరి ఉందంటే ఎక్కేంత ఊపిరి ఉన్నట్టే. జారినచోటల్లా అక్క వెనక్కొచ్చి చెయ్యి అందించేది, గ్లాసు మాత్రం దూరంగా పట్టుకునేది. మొదటి ఇప్పచెట్టు దగ్గరికి చేరేసరికి ఖనిజం రైలు వస్తున్నట్టు చప్పుడు మొదలైంది. పట్టాలు కిందెక్కడో ఉన్నాయి. చప్పుడు పైనుంచి వస్తోంది.

నీళ్లలా లేదది. కలిపిన సిమెంటు కాంక్రీటు ముద్ద కొండ దిగుతున్నట్టుంది. ముందు బండలు, వాటి మధ్య నిలువునా నడిచొస్తున్న చెట్లు. మా పెరటి గోడ, మేకులున్న గట్టు, ఇందాక పాప నిలబడ్డ రాయి, ఒక్కసారిగా కనిపించకుండా పోయాయి. కాసేపటికి అంతా నెమ్మదించింది. ఇల్లు నిలబడే ఉంది. జనం ఒక్కొక్కరే కిందికి దిగబోయారు. నాకు సంచి గుర్తొచ్చింది. పాపని అత్తగారికి అప్పగించి నాలుగడుగులు దిగాను. అక్క నా చున్నీ పట్టి లాగింది.

"ఏడికి?"

"సంచి అక్కా. అందులో పాప బర్త్ సర్టిఫికెట్ ఉంది."

"పాప ఈడ్నే ఉన్నది గద. పుట్టినట్టు కాయితం జూస్తె గాని నమ్మవా?" అంది. తర్వాత అందరికీ వినబడేలా హిందీలోనూ హల్బీలోనూ ఏదో అరిచింది. నా వైపు తిరిగి, "పైన అడ్డం పడ్డది అంత తెగలే. ఇంకోటి ఒచ్చేది ఉన్నది" అంది.

నేను నమ్మాలా వద్దా అని నిలబడ్డాను. అప్పటికి పళ్లు పెట్టుకున్న మా అత్తగారు, గుట్ట మీద ఉన్నవాళ్లందరికీ వినిపించేలా, "కూర్చో అమ్మాయ్! ఆవిడ దిగమనేదాకా ఎవరూ దిగడానికి వీల్లేదు" అన్నారు. ఆ తెలుగు ఎంతమందికి అర్థమైందో తెలియదు గాని, ఎవరూ దిగలేదు. రెండోది వచ్చినప్పుడు మా వంటిల్లు పోయింది. దాంతోపాటు అటక కూడా.

ఆ వరసలో మనిషి ఒక్కరికి కూడా ఏమీ కాలేదు. సాయంత్రానికి మా ఆయన చుట్టుదారిన నడుచుకుంటూ వచ్చి, ముందు పాపని, తర్వాత తల్లిని, తర్వాత నన్ను తడిమి చూసుకుని, ఆఖరున కూర్చుని ఏడ్చారు. ఆ ఇంట్లో ఎవరూ మళ్లీ కాపురం పెట్టలేదు. గుట్ట ఇవతల చదును నేల మీద చాలామందిమి ఇళ్లు చూసుకున్నాం, అక్క వాళ్లు కూడా. మేకల దారికి మెట్లు చెక్కి, పట్టుకోవడానికి వెదురు గడలు కట్టారు. ఏటా వానల ముందు ఒక రోజు పిల్లలందరినీ అక్క ఆ దారిన నడిపిస్తుంది. మా అత్తగారు కర్ర పట్టుకుని వెనక నడుస్తూ, "పక్కకి వెళ్లి పైకి ఎక్కాలి" అని తన సాగదీసే తెలుగులో అరుస్తుంటే, హల్బీ పిల్లలు అదే సాగదీతతో పాటలా పాడతారు. కొత్తగా సర్దిన సంచి ఇప్పుడు వీధి తలుపు పక్కన మేకుకి ఉంటుంది. నాకు భయం పోలేదు. కానీ ఇప్పుడు దానికి దారి తెలుసు.

వాగు ఆగడానికీ తెగడానికీ మధ్య ఎంతసేపు పట్టిందన్న దాని మీద మా ఇంట్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. అత్తగారు అరగంట అంటారు. మా ఆయన గుట్ట ఎత్తూ ఆవిడ నడకా లెక్కేసి పన్నెండు నిమిషాలకి మించదంటారు. అక్క, "కొంచెంసేపే" అని ఊరుకుంటుంది. మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఈ నాలుగేళ్లలో దాని పాల పళ్లు ఊడాయి, హల్బీలో పోట్లాడడం వచ్చింది, నా నడుము దాటి ఎదిగింది. ఆ కొంచెంసేపు ఎంతో నాకూ తెలియదు గాని, మా పాప ఇప్పటిదాకా పెరుగుతున్నది అందులోంచే.