గుప్పెడు బియ్యానికి దుప్పటి సన్మానం

పేపర్లో వచ్చిన ఆ ఫోటోలో ఎడమ నుంచి మూడో ఆడమనిషిని నేను. చేతిలో దుప్పటి పట్టుకుని, నవ్వమన్నారు కాబట్టి పళ్లు బయటపెట్టి నిలబడి ఉన్నాను. మా ఇంట్లో పాత పేపరు ముక్క కూడా వృథా పోదు. అలమర అరల్లో పరుస్తాను, పచ్చడి జాడీల కింద వేస్తాను. ఆ రోజు పేపరు మాత్రం దేనికీ పనికిరాలేదు. ఎక్కడ పరిచినా నా పళ్లు నాకే కనపడతాయి. ఫోటో కింద, నిరుపేద మహిళలకు దుప్పట్లు పంచిన దాత అని రాసి ఉంది. ఆ దాత ఇచ్చాడని ఊరంతా చెప్పుకుంటున్న బియ్యం మేం ఇచ్చినవి.

నరసరావుపేట శివార్లలో కోల్డ్ స్టోరేజీ పక్కన ఒక మిరపకాయల షెడ్డు ఉంది. ముప్పై మంది ఆడవాళ్లం అందులో కూర్చుని తొడిమలు తీస్తాం, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తాం. ఘాటుకు మొదటి వారం ముక్కూ కళ్లూ కారతాయి, తర్వాత అలవాటవుతుంది. నన్ను ఆ పనికి తీసుకెళ్లింది మా గోడకు గోడ ఆనుకున్న ఇంటావిడ. చుట్టరికం ఏమీ లేదు గానీ వదినా అనే పిలుస్తాను.

కొన్నేళ్ల కిందట వదిన భర్తకు పక్షవాతం వచ్చింది. రెండు నెలలు పెద్దాసుపత్రిలో ఉన్నారు. ఆయన పక్కనే కూర్చోవాలి కాబట్టి వదిన పని మానేసింది. ఆసుపత్రి ఎదురు సందులో ఒక సేవా సమితి వాళ్లు రోగుల తాలూకు మనుషులకు మధ్యాహ్నం అన్నం పెడతారు. వదిన అక్కడే తినేది. ఒకరోజు సత్తెనపల్లి నుంచి ఆమె వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, చూడటానికి వచ్చింది. మంచం దగ్గర వదిన లేకపోతే వెతుక్కుంటూ వెళ్లి, పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి ఉండగా చూసింది. అందరి ముందూ, నా కూతుర్నిచ్చిన ఇంటోళ్లు ధర్మం కూటికి లైన్లో నిలబడతారనుకోలేదే అన్నదట. వదిన ఆ పూట పళ్లెం అక్కడే పెట్టేసి వచ్చేసింది. మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆకలి ఊరుకోదు కదా.

ఆయన చేతికర్ర పట్టుకుని నడిచే దాకా వచ్చాక వదిన షెడ్డుకు తిరిగొచ్చింది. వచ్చిన మొదటి రోజే టిఫిన్ డబ్బా మూతలో గుప్పెడు బియ్యం తెచ్చింది. తిన్నదంతా తిరిగి పెట్టేస్తానని, తన ఇంటి పేరు మీద ఆ మాట ఉండనివ్వనని నాతో అన్నది. గేటు దగ్గర ఖాళీ రేకు డ్రమ్ము ఒకటి ఉంటే కడిగి అందులో పోసింది. ఇంట్లో ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు పక్కన పెట్టడమే. నాకు మొదట ఒళ్లు మండింది. మన గుప్పెడెంత, ఆ సమితికి దాతలకు కొదవా అన్నాను. వదిన రోజూ పోస్తూనే ఉంది. నెల తిరిగేసరికి మిగతావాళ్లూ పోయడం మొదలుపెట్టారు. అందరి కంటే ఆఖరున పోసింది నేను. నా గుప్పెడు చిన్నది కూడా.

నెలాఖరుకు డ్రమ్ము నిండేది. షెడ్డు యజమాని ట్రాలీ ఆటో ఎలాగూ బజారుకు పోతుంది కాబట్టి దానిమీద సమితికి పంపేవాళ్లం. ఆయన చేసిన సాయం ఆ ఆటో ఒక్కటే. అదీ దారిలో దించేసి పోవడమే.

ఈ ఏడు సమితి వాళ్లు కొత్త వంటశాల కట్టారు. గోడకు నల్లరాయి పెట్టి దాతల పేర్లు చెక్కిస్తున్నారని, సభ పెట్టి సన్మానం చేస్తారని తెలిసింది. మా మేస్త్రీ వచ్చి, ఆదివారం షెడ్డు ఆడవాళ్లందరూ కల్యాణ మండపానికి రావాలి, వ్యాను పెడుతున్నాం, అయ్యగారు కూడా వస్తారు అని చెప్పాడు. ఎందుకని అడిగితే, మీ బియ్యం సంగతేలే అన్నాడు. సన్మానం మాకేనని మేమంతా అనుకున్నాం. ఎందుకనుకోం?

వదిన ఆ సాయంత్రమే సత్తెనపల్లికి ఫోన్ చేసి వియ్యపురాలిని పిలిచింది. సభ అయ్యాక తమ ఇంట్లోనే భోజనం అని కూడా చెప్పింది. పిలవొద్దని నేను అనలేదు. పిలవాల్సిందే అనిపించింది. అన్నేళ్ల నుంచి పోస్తున్నది దేనికి మరి? ఆ ఒక్క మనిషి కళ్ల ముందు తను అన్నం పెట్టిన మనిషిగా నిలబడాలి, అంతే వదినకు కావలసింది. డబ్బు కాదు, శాలువా కాదు.

ఆదివారం వదిన కొడుకు పెళ్లిలో కట్టిన చీర కట్టింది. కోడలు మల్లెపూలు కట్టి అత్త తలలో పెట్టింది. నేను ఇస్త్రీ ఖర్చు ఎందుకని రాత్రి చీరను పరుపు కింద మడత పెట్టి, పొద్దున తీసి కట్టుకున్నాను. వ్యానులో అందరం పేరంటానికి వెళ్తున్నట్టు వెళ్లాం.

మండపం ముందువైపు సోఫాలు వేశారు. వాటిమీద మహారాజ పోషకులట, ఎక్కువ ఇచ్చినవాళ్లు. వెనక తెల్లగుడ్డ కప్పిన కుర్చీల్లో రాజ పోషకులు. ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ఉత్త పోషకులు. ఒకాయన తన పేరు రాయిమీద బావమరిది పేరు కిందకి వచ్చిందని సమితి వాళ్ల మీద ఎగురుతున్నాడు. సోఫాల ముందు బల్లల మీద జీడిపప్పు, స్వీట్లు. ఒక్కొక్కటి కొరికి వదిలేశారు. సగం తాగిన నీళ్ల సీసాలు కుర్చీల కింద దొర్లుతున్నాయి. అన్నం పెట్టే సంఘం పేరు చెప్పి అంత తిండి నేలపాలు చేయడం నేనెక్కడా చూడలేదు.

మమ్మల్ని ముందు నుంచి రానివ్వలేదు. వెనక వంటగది వైపు నుంచి స్టేజి పక్కకు తీసుకెళ్లి నిలబెట్టారు. సమితి సెక్రటరీ వచ్చి మమ్మల్ని కింద నుంచి పైదాకా చూసి మేస్త్రీ మీద విసుక్కున్నాడు.

"ఏందయ్యా, పెళ్లికి తెచ్చినట్టు తెచ్చావు? పనిలో కట్టే చీరల్తోనే రమ్మని చెప్పలా?"

వదిన నెమ్మదిగా అడిగింది. "సన్మానమని చెప్పారు గదయ్యా?"

"సన్మానం దాతలకమ్మా. మీకు దుప్పట్లు ఇస్తన్నారు."

"బియ్యం పోసేది మేమే గదా."

ఆయనకు ఆ మాట ఎక్కనేలేదు. మేస్త్రీ మాత్రం విని, ఇప్పుడవన్నీ ఎందుకు, అయ్యగారు చూస్తున్నారు అని గదిమాడు. ఇంతలో ఫోటో తీసే అతను ఏదో చెవిలో చెప్తే సెక్రటరీ మళ్లీ మా వైపు తిరిగాడు. "తలల్లో పూలు తీసెయ్యండమ్మా. ఫోటోలో బాగోదు."

నాకు తీయడానికి పూలు లేవు, నా భర్త పోయి చాలా ఏళ్లయింది. కానీ వదిన మొగుడు ఇంట్లో మంచం మీద కూర్చుని, ఈమె వచ్చి సభ విశేషాలు చెప్తుందని ఎదురుచూస్తున్నాడు. ఆయన కోసమే ఆ అన్నం తిన్నది, ఆయన బతికాడనే ఇన్నేళ్లూ బియ్యం పోసింది. మొగుడు బతికున్న ఆడదాన్ని ఫోటో కోసం పూలు తీయమన్నారు. ఆ మాట అన్నవాడికి ఇంట్లో తల్లి లేదా, పెళ్లాం లేదా? ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పైన యజమాని కూర్చుని ఉన్నాడు, సోమవారం ఆయన షెడ్డుకే పోవాలి. ఒక్కొక్కరే తీశారు. వదిన తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఊళ్లో నా నోటికి భయపడని వాళ్లు లేరు, ఆ రోజు ఆ నోరు ఏమైందో.

రాయిమీద పరదా తీశారు. మా యజమాని పేరు మహారాజ పోషకుల్లో ఉంది. నెలనెలా బియ్యం ఇస్తున్న దాత అని మైకులో చదివారు. మా పేర్లు లేవు, షెడ్డు ఆడవాళ్లు అనే రెండు మాటలు కూడా లేవు. ఆయన లేచి, తన దగ్గర పని చేసేవాళ్లు ఎంత బీదవాళ్లో, వాళ్లను చూస్తే తనకెంత జాలో చెప్పాడు. ఆ జాలిపడే మనిషి షెడ్డులో తాగే నీళ్ల కుండ పగిలితే పదిహేను రోజులు కొత్తది కొనలేదు. మెడలో వేసిన శాలువాను స్టేజి దిగకముందే డ్రైవరు మీదకు విసిరాడు.

తర్వాత మమ్మల్ని పిలిచారు. దుప్పటి కవరు మీద యజమాని ఫోటో అంటించి ఉంది. ఆయన దుప్పటి ఇస్తూ మా వైపు చూడలేదు, ఫోటో తీసే అతని వైపు చూశాడు. ఫోటో సరిగా రాలేదని నా చేతిలోది తీసుకుని మళ్లీ ఇచ్చాడు. వదిన వంతు వచ్చినప్పుడు ఆమె ఒక చేయే చాపింది. రెండో గుప్పిట్లో పూలున్నాయి. రెండు చేతులూ పట్టమ్మా అని సెక్రటరీ అరిచాడు.

మూడో వరసలో వియ్యపురాలు, పక్కన కోడలు. కిందికి దిగేసరికి వియ్యపురాలు లేచి ఎదురొచ్చింది. ఆమె గట్టిగా కూడా అనలేదు.

"మళ్లీ లైన్లోనే నిలబడ్డావా, వదినగారూ?"

నేను అందుకుని, ఆ మైకులో చదివిన బియ్యం మావేనని, మొదలుపెట్టిందే ఈమె అని చెప్పాను. ఆమె నన్ను ఒక వెర్రిమనిషిని చూసినట్టు చూసింది.

"బియ్యం ఇచ్చినోళ్లకి దుప్పటెందుకిస్తారమ్మా?"

కోడలి వైపు చూశాను. రోజూ పొద్దున ఆ గుప్పెడు తీసి మూతలో పోసేది ఆ పిల్లే. ఒక్క మాట చెప్పొచ్చు. నేల చూస్తూ నిలబడింది. యజమాని మీద, సెక్రటరీ మీద వచ్చిన అసహ్యం కంటే ఆ క్షణం ఆ పిల్ల మీద ఎక్కువ వచ్చింది. వియ్యపురాలు భోజనానికి రాలేదు, బస్సుకు టైమవుతోందని అటునుంచి అటే వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ దుప్పట్ల ఫోటో ఆమె ఫోనులో స్టేటస్ పెట్టిందని వదిన కొడుకు చూసి చెప్పాడు. నవ్వే బొమ్మలు కూడా పెట్టిందట.

సోమవారం పొద్దున వదిన డ్రమ్ములో బియ్యం పోయలేదు. దుప్పటి పెట్టింది, కవరుతో సహా. వెనక వచ్చినవాళ్లు చూసి, మళ్లీ ఇంటికి వెళ్లి తెచ్చినవాళ్లు తెచ్చారు, మర్నాడు తెచ్చినవాళ్లు తెచ్చారు. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, నేను రెండు రోజులు తేలేదు. కవరు మీది ఫోటో కాగితం గీకేసి దుప్పటిని పెట్టెలో దాచాను. దుప్పటి మంచిది, చలికాలం మనవడికి పనికొస్తుంది అనుకున్నాను. మూడో రోజు ఉదయం పెట్టె తెరిస్తే కొత్త గుడ్డ వాసన గుప్పుమంది. ఆ మండపంలో కొరికి పారేసిన స్వీట్ల వాసన లాగే ఉంది. తీసుకెళ్లి డ్రమ్ములో పడేసి చేతులు కడుక్కున్నాను.

మేస్త్రీ వచ్చి, ఇదేం పని, అయ్యగారి పరువేం కావాలి అన్నాడు. వదిన తొడిమలు తీస్తూనే సమాధానం చెప్పింది. "ఆయన దుప్పట్లు ఆయనకిచ్చాం. పరువు కూడా మమ్మల్నే మొయ్యమంటే ఎట్టా?"

వారం తర్వాత సమితి నుంచి యజమానికి ఫోన్ వచ్చింది, ఈ నెల బియ్యం రాలేదేమని. మేస్త్రీని పంపించి, రేపటి నుంచి ఒక్కొక్కరూ గుప్పెడు తేవాల్సిందే అని చెప్పించాడు. మేం ఇష్టంగా చేసిన పని చివరికి ఆయన వేసిన పన్నయింది. నేను అక్కడే ఉమ్మేశాను, ఎవరేమనుకున్నా సరే.

ఇక ఎవరూ ఒక్క గింజ తేవద్దని నేను గట్టిగా చెప్పాను. వదిన ఒప్పుకోలేదు. ఆసుపత్రి దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడేవాళ్లు ఏం తప్పు చేశారని అడిగింది. ఆ వరసలో తను నిలబడింది కాబట్టి ఆమెకు అడిగే హక్కుంది, నాకు కాదు. అందుకని డ్రమ్ము అక్కడే వదిలేసి, ఇళ్ల దగ్గర వసూలు చేసుకుని, మేమే ఆటో మాట్లాడుకుని తీసుకెళ్లడం మొదలుపెట్టాం. సంచీ నేరుగా వంటమనిషి ముందు దించుతాం. పేరు రాయాలి, ఎవరి తరఫున అని ఒకతను కాగితం పట్టుకొచ్చాడు. వదిన అతని పక్కనుంచి నడిచి బయటికి వచ్చేసింది. నల్లరాయి గుమ్మం పక్కనే ఉంది. నేను ఆ గుమ్మంలోంచి వెళ్లను. పెరటి వైపు బురదైనా అటే వెళ్తాను.

ఇదంతా అయ్యాక కూడా వియ్యపురాలి దగ్గర పడ్డ మాట మాత్రం అలాగే ఉండిపోయింది. వదిన దాని గురించి ఎత్తలేదు గానీ తలలో పూలు పెట్టుకోవడం మానేసింది. కోడలు కట్టి ఇస్తే దేవుడి పటానికి వేసేది. ఆ పిల్ల రెండు మూడు సార్లు చూసి ఊరుకుంది.

ఒక ఉదయం నేను చేట అడగడానికని వాళ్ల పెరట్లోకి వెళ్లాను. కోడలు పొయ్యి దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతోంది. అవతల తల్లి ఎవరి పెళ్లి గురించో చెప్తూ, మీ అత్తకు కట్టుకోవడానికుందా, దుప్పటి కప్పుకొస్తదా అన్నట్టుంది. స్పీకర్లో నాకూ వినపడింది. బట్టలు ఉతుకుతున్న వదినకూ వినపడింది. ఆ పిల్ల గరిటె పక్కన పెట్టింది.

"అమ్మా, ఆ బియ్యం మా ఇంటియ్యే. రోజూ నా చేత్తో తీసిస్తన్నా. ఆ రోజే చెప్పాల్సింది, నీకు భయపడి చెప్పలా. ఆ ఫోటో తీసెయ్యి. ఇంకోసారి ఆ మాటంటే నేను ఆ పెళ్లికి రాను."

అవతల నుంచి గొంతు పెద్దదైంది. ఎవరు నేర్పించారే నీకు అంటోంది. కోడలు ఫోను పెట్టేయలేదు, అన్నమాట వెనక్కి తీసుకోలేదు. వదిన వైపు చూశాను. చీర పిండుతోంది, తల ఎత్తలేదు. పిండిన చీరనే మళ్లీ పిండుతోంది, నీళ్లు ఎప్పుడో ఆగిపోయాయి.

కాసేపటికి కోడలితో, "అన్నం మాడతంది, చూసుకో తల్లీ" అన్నది.