గుండ్రటి గీతలు

భవాని చదువు పదో తరగతితో ఆగింది. కూలి పనిలో అమ్మ నడుము విరిగిన ఏడాది అది. అప్పటి నుంచి తూంకుంటలో బాలరాజు జిరాక్స్ షాపులో పనే ఆమెకు బడి. పెన్‌డ్రైవ్‌ల వెంట వచ్చే వైరస్‌లతో విసిగి, బాలరాజు ఎవరి చేతనో కంప్యూటర్‌లో అవి అంటని లినక్స్ వేయించాడు. వేసినతను రెండు రోజులు కూర్చుని నేర్పుతుంటే బాలరాజు ఆవలించాడు. వెనక నిలబడి చూసింది మాత్రం భవాని. కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. ‘ఎల్ఎస్’ అంటే ఏమున్నాయో చూపమని. ‘సీపీ’ అంటే కాపీ చెయ్యమని. మధ్యలో ఖాళీ వదలడం మరిచిపోతే అది మాట వినదు.

“నల్ల తెర ముంగట గట్ల కూసుంటె మంత్రాలు సదువుతున్నట్టే ఉంటవే,” అనేవాడు బాలరాజు. ఆమె తలెత్తకుండా తర్వాతి కమాండ్ కొట్టేది. ఎవరి ముఖంలోకీ పెద్దగా చూసేది కాదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం శామీర్‌పేట నుంచి ఈదమ్మ వచ్చింది. ఆమె భర్త చెరువులో చేపలు పట్టి అమ్ముకునేవాడు. ఎండాకాలంలో ఒక పొద్దున గంప కట్టుకుని మోపెడ్ మీద పోతుంటే, పెట్రోల్ బంకు ముందు టిప్పర్ గుద్దేసి పోయింది. మనిషి అక్కడే పోయాడు. ఆ రోజు తన బండి ఆ రోడ్డెక్కనే లేదని టిప్పర్ యజమాని అంటున్నాడు. బంకు కెమెరా మాత్రం చూసింది. దానిలో బొమ్మలు నెల దాటితే నిలవవు కాబట్టి, మేనేజర్ ఒక సీడీ చేసి ఈదమ్మ చేతిలో పెట్టాడు. మరో కాపీ లేదు.

“సోమారం కోర్టుల పేషీ ఉన్నది బిడ్డా. టిప్పర్ నంబరు కనబడాలె, పెన్‌డ్రైవ్‌ల ఏస్కరమ్మన్నడు వకీలు.”

“ఫోల్డర్‌కు పేరేం పెట్టాలె పెద్దమ్మా?”

“ఆయన పేరే పెట్టు.”

“ఏం పేరు?”

“నేనెట్ల జెప్త? దాని మీదనే రాసిండు గదా, సూడు.”

సీడీ మీద నల్ల మార్కర్‌తో వాలుగా ‘ఎంకయ్య’ అని ఉంది.

తిప్పి చూసేసరికి భవాని చెయ్యి ఆగింది. మెరిసే వైపు నిండా సన్నటి గీతలు. గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి. అడ్డంగా పడిన గీతను యంత్రం ఎలాగో దాటుకుని పోతుంది. గుండ్రటి గీత అలా కాదు, సీడీలో గుండ్రంగానే ఉండే రాత వెంట నడిచి ఆ రాతనే మింగుతుంది. పిల్లలు ఆడుకుని ఉంటారనుకుంది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచి లోపల పెట్టింది.

‘ఎల్ఎస్’ కొడితే మూడు వీడియోలు కనిపించాయి, పది నిమిషాలకొకటి చొప్పున. ‘సీపీ’ కొట్టింది. మొదటిది వచ్చింది. రెండోదాని దగ్గర యంత్రం గరగరమని, ఆగి, మళ్లీ గరగరమని, చివరికి ఎర్రర్ చూపింది. మూడోది వచ్చింది. ఆ రెంటిలోనూ టిప్పర్ గుద్దడం లేదు, కావాల్సింది రెండోదే.

నోటుబుక్కు చివరి పేజీలో ‘డీడీ రెస్క్యూ’ అని ఉంది. బాగున్న చోట్లను ముందు చదివేసి, చెడిన చోట్లకు తీరిగ్గా తిరిగొచ్చి మళ్లీ మళ్లీ తట్టి చూసే కమాండ్. అది కొట్టింది. శాతం అంకెలు పెరిగాయి. తొంభై, తొంభై నాలుగు, తొంభై ఆరు. అక్కడ నిలిచాయి. గంట గడిచినా కదలలేదు.

ఈదమ్మకు కనపడకుండా తెరను పక్కకు తిప్పి, వచ్చిన వీడియోను భవాని తెరిచింది. మూలన టైము 6:42:10. మోపెడ్ బంకు ముందుకొచ్చింది. అంతలో బొమ్మ ఆకుపచ్చ గళ్లుగా పగిలిపోయింది. మళ్లీ అతుక్కునేసరికి 6:42:31. రోడ్డు మీద చేపలు చెదిరి ఉన్నాయి. వాటి మధ్య మనిషి. టిప్పర్ లేదు.

“నంబరున్నదా?”

“గా ముక్క మందమే రాలే పెద్దమ్మా.”

“గదెట్ల? ఒక్కల్ని ముట్టనియ్యలే. ఆయన పటం పక్కనే పెట్టిన. శనివారం శనివారం ఇత్తడి దీపంతె తోమినట్టు చింతపండు పెట్టి తోముతున్న, అద్దం లెక్క ఉండాలని.” గాలిలో ఆమె చెయ్యి గుండ్రంగా తిరిగింది.

బాలరాజు నోరు తెరిచాడు. భవాని అతని వైపు చూసింది. ఆమె అంత సూటిగా చూడడం అతనెన్నడూ ఎరగడు. నోరు మూసుకుని జిరాక్స్ మిషన్‌లో కాగితాలు సర్దాడు.

“మా మిషినే మంచిగ లేదు,” అంది భవాని. “సీడీ ఈడ ఉంచి పో. ఇంకోపాలి సూస్త.”

“రేపు శనివారం గాదా. పటం ముంగట లేకుంటె ఎట్ల? రేపు తోమినంక మల్ల తెస్త తియ్యి.”

నిజం చెబితే ఈమె తన చేతుల్ని ఇక ఎలా చూసుకుంటుంది? చెప్పకపోతే సీడీలో ఆ మిగిలిందీ చింతపండు పాలవుతుంది. భవాని బల్ల సొరుగు లాగింది. ఖాళీ సీడీ ఒకటి తీసి, మార్కర్‌తో ‘ఎంకయ్య’ అని వాలుగా రాసింది. వచ్చినంతవరకు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో పాటు కవర్‌లో పెట్టి ఇచ్చింది.

ఈదమ్మకు చదువు రాదు. అయినా సీడీ బయటికి తీసి, అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“గీ పేరు జర లావైనట్టున్నదేంది?”

“కడిగిన గదా పెద్దమ్మా.”

ఈదమ్మ దాన్ని తిప్పింది. గీత లేని అద్దంలో ఆమె ముఖం కనిపించింది. “నాకంటె నువ్వే మంచిగ తోమినవ్,” అని కళ్లకద్దుకుని, సంచిలో పెట్టుకుని బస్సుకు పోయింది.

“ఎయ్యి మల్ల మంత్రం,” అన్నాడు బాలరాజు మెల్లగా.

అసలు సీడీ యంత్రంలోనే ఉంది; ఈసారి దానిలోని రెండో వీడియోను చివర నుంచి వెనక్కి చదవమని కమాండ్ ఇచ్చింది భవాని. షట్టర్ దించే వేళకు మూడు సెకన్లు వచ్చాయి. వాటిలో దాటిపోతున్న టిప్పర్ వెనక చక్రం ఉంది. చక్రం కింద గంప ఉంది. నంబరు లేదు.

ఇంకా పద్దెనిమిది సెకన్లు. అంకె మళ్లీ నిలిచింది. భవాని అదే కమాండ్‌ను మరోసారి కొట్టింది, ఖాళీలు మరవకుండా.