ముట్టుకోవద్దుగారి రైలు

లోకంలో ఏది పాడైనా ముట్టుకోవద్దుగారికి కారణం ఒక్కటే కనిపించేది: ఎవరో ముట్టుకున్నారు. రేడియో మీద, గడియారం మీద, ఆఖరికి తన గొడుగు మీద కూడా "ముట్టుకోవద్దు" అని చీటీలు అంటించడంతో వీధివాళ్లు ఆయన అసలు పేరు మరిచిపోయి ఇదే ఖాయం చేశారు. పాలు విరిగితే "గిన్నె ఎవరు ముట్టుకున్నారు?" అనేవారు. పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లి అక్కడా అదే ప్రశ్న వేశారు.

"మీ నాలుకే అయ్యుంటుందండీ," అన్నాడట ఆ డాక్టరు.

మేడ మీద గదిలో ఆయన బొమ్మరైళ్ల సామ్రాజ్యం. పెద్ద బల్ల మీద పట్టాలు, స్టేషను, అట్టతో చేసిన సొరంగం. బల్ల కింద కాకిగూడులాంటి వైర్లు, ఏ పట్టాకు ఎప్పుడు కరెంటు పంపాలో చూసే రిలేలు. బండ్లు నడిచిన రోజులకన్నా నిలిచిన రోజులే ఎక్కువ. వైర్లన్నీ కలిపింది ఆయనే, తప్పు మాత్రం ఇంటిల్లిపాదిదీ.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

"పెళ్లిలో నేనే మీ చెయ్యి ముట్టుకున్నాను," అనేవారు ఆయన భార్య, పత్రికలోంచి తలెత్తకుండా. "అప్పట్నుంచే అన్నీ తగలడ్డాయి."

కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి మాత్రం ఇది నవ్వులాటగా లేదు. మామగారి కేక వినపడితే చాలు, చేతులు వెనక్కి దాచుకునేది. ఎలాగైనా ఆయన చేత మంచిదనిపించుకోవాలని ఆమె ఆశ.

ఆ ఆదివారం మిత్రబృందం కొత్త రైలు చూడడానికి వస్తోంది. అందరిదీ బొమ్మరైళ్ల పిచ్చే. ఒకరి బండి ఆగితే మిగతావాళ్లకు పండగ. సొరంగం నిండా దుమ్ము చూసి కోడలు ఉండబట్టలేకపోయింది. మామగారు స్నానానికి వెళ్లగానే తల లోపలికి దూర్చి శుభ్రంగా తుడిచేసింది.

మిత్రులు వచ్చి కుర్చీలు లాక్కున్నారు. ముట్టుకోవద్దుగారు ఈల ఊది మీట నొక్కారు. రైలు కదల్లేదు. పవర్ సప్లై పెట్టె మీద, ఎక్కడో తేడా ఉందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. బల్ల కింద రిలే టకటకా కొట్టుకుంది.

"చలేస్తున్నట్టుంది, దుప్పటి కప్పవయ్యా," అన్నాడో మిత్రుడు.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

ఇల్లు దద్దరిల్లింది. గుమ్మంలో కోడలు కాఫీ పళ్లెం పక్కన పెట్టేసి చేతులు వెనక్కి దాచుకుంది.

ఆయన కరెంటు చూసే మీటరు పట్టుకుని బల్ల కింద దూరారు. పట్టాలకు వెళ్లే వైర్లన్నీ ఊడదీస్తే ఎర్రదీపం ఆరింది. అంటే పెట్టె మంచిదే. ఒక్కో వైరే మళ్లీ తగిలిస్తూ వచ్చారు. సొరంగం వైరు దగ్గర దీపం మళ్లీ వెలిగింది. "షార్టు ఇక్కడే! పట్టాలకు అడ్డంగా ఏదో ఇనుపముక్క పడింది!" అంటూ పైకి లేచి సొరంగంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి తడిమారు. చెయ్యి టక్కున ఆగింది. తలెత్తి కోడలి వైపు చూశారు.

కోడలు జడ తడుముకుంది. తలపిన్ను లేదు.

"దొరికిందా? ఎవరు ముట్టుకున్నారట?" మిత్రులు ఎగబడ్డారు.

ఆయన పిడికిలి బిగించి చెయ్యి బయటికి తీశారు. గొంతు సవరించుకున్నారు. అలవాటు లేని మాట కావడంతో ఒకటికి రెండుసార్లు తడబడ్డారు.

"నేనే. స్క్రూ జారవిడిచాను."

"ఏదీ, ఇంకోసారి అను! మా ఆవిడకి ఫోన్లో వినిపిస్తా!"

వాళ్లు సాయంత్రం దాకా ఆయన్ని ఉతికి ఆరేశారు. చెవులు ఎర్రబడ్డాయిగానీ ఆయన మాట మార్చలేదు.

అందరూ వెళ్లాక కోడలు నసిగింది. "మామయ్యగారూ, అది స్క్రూ కాదు..."

ఆయన జేబులోంచి తలపిన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"సొరంగంలో తల పెట్టేముందు జడ బిగించుకోవాలమ్మా. దుమ్ము మాత్రం భలే పోయింది. రేపు స్టేషను కూడా తుడుస్తావా?"

"ముట్టుకోవచ్చా?"

"నువ్వు ముట్టుకో," అని గొంతు తగ్గించారు. "మీ అత్తయ్యకి చెప్పకు."